కప్పు అంటే వాళ్లకీ కప్పే

ఈ వారం ఉత్తరం జపాన్ నుంచి వచ్చింది. రాసినమ్మాయిది పల్నాడు, వయసు 28. ఇంగ్లీషు ఎమ్మే చేసి, ఒక ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పింది. సెక్షన్‌కి ఎనభై మంది, చేతిలో మైకు, ఆదివారం కూడా స్టడీ అవర్లు. ఆ గోల పడలేక ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూలు ఇచ్చి, మార్చి ఆఖరి వారంలో గిఫు ప్రిఫెక్చర్‌లోని (ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటిది) ఒక చిన్న ఊళ్లో దిగింది. బడులకి టీచర్లని పంపే ఒక కంపెనీ ఆమెను తీసుకుంది. రెండు జూనియర్ హైస్కూళ్లు, ఒక ప్రైమరీ స్కూలు తిరుగుతూ ఏఎల్‌టీగా పనిచేస్తోంది. అంటే అక్కడి ఇంగ్లీషు మాస్టారికి తోడుగా క్లాసులో నిలబడే విదేశీ టీచరు. జీతం నెలకి 2,30,000 యెన్‌లు, ఆగస్టులో మాత్రం సగమే. విమానం టిక్కెట్టుకీ, ఇంటి అడ్వాన్సుకీ, పరుపుకీ కుక్కర్‌కీ కలిపి మేనమామ దగ్గర 3 లక్షల రూపాయలు అప్పు తీసుకుంది. నెలకి పాతిక వేలు తిరిగి పంపుతోంది.

మూడు నెలలకే ఆమెకి విసుగు గొంతు దాకా వచ్చింది. "నేను ప్రశ్న అడిగితే క్లాసంతా తల దించుకుంటుంది మేడం. ముప్ఫై ఐదు మంది, ఒక్కరు నోరు విప్పరు. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది" అని రాసింది. మాస్టారు యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. కానీ పాఠంలో రెండు పేరాలు ఆమెతో చదివించి, థాంక్యూ చెప్పి, మిగతా క్లాసంతా జపనీస్‌లో గ్రామర్ చెప్పుకుంటారు. ఆమె వెనక నిలబడి ఉంటుంది. "నేనొక టేప్ రికార్డర్‌ని." ట్రైనింగ్‌లో కంపెనీవాళ్లు "కాస్త అమెరికన్ యాస ప్రయత్నించండి" అన్నారు. పేరెంట్స్ బడికి వచ్చి పాఠాలు చూసే రోజున ఒక తల్లి, ఈ టీచరు నేటివేనా, అంటే ఇంగ్లీషు మాతృభాషేనా అని ఎవరినో అడగడం చెవిన పడింది. మానేస్తానని కోఆర్డినేటర్‌తో ఒకసారి అంటే, మధ్యలో వెళ్తే 2 లక్షల యెన్‌లు కట్టాల్సి వస్తుందని నోటిమాటగా బెదిరించింది. శాకాహారి కావడంతో బడి భోజనం కుదరక, డబ్బా తెచ్చుకుని స్టాఫ్ రూమ్‌లో ఒంటరిగా తింటోంది. ఇక ఇంటి నుంచి అమ్మ రోజూ టీవీ సీరియల్ అయ్యాక తొమ్మిదిన్నరకి ఫోను చేస్తుంది. జపాన్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట. "అక్కడ ఎవర్ని ఉద్ధరిస్తున్నావే, వచ్చెయ్యి. హైదరాబాద్ సంబంధం వాళ్లు దసరా దాకానే ఆగుతారంట" అంటుంది.

మానేసి రావాలా, టోక్యోలో ఏదైనా ఇంగ్లీషు కోచింగ్ సెంటర్‌కి మారాలా, పళ్ల బిగువున మార్చి దాకా ఉండాలా? అసలు తెలుగు మీడియం ఊరి నుంచి వచ్చిన తనకి ఇంగ్లీషు నేర్పే అర్హత ఉందా? ఇదీ ఆమె అడిగింది.

అమ్మాయ్, నువ్వు అనే రాస్తాను. నా స్టూడెంట్ల వయసు నీది. మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని నేనూ మీ పక్కనున్న ఐచిలో నాలుగేళ్లు ఉన్నాను. అందులో మూడేళ్లు నువ్వు నిలబడిన చోటే, క్లాసు వెనక, స్టీలు బీరువా పక్కన నిలబడ్డాను. కాబట్టి ఇది దూరాన కూర్చుని చెప్పే మాట కాదు. నీ ఉత్తరంలో నాలుగైదు బాధలు ఒక ముద్దగా కలిసిపోయాయి. వాటిలో ఒక్కటి మాత్రమే నీ ఇంగ్లీషుకి సంబంధించింది, అదీ నువ్వు అనుకుంటున్న రకం కాదు.

ముందు ఆ నిశ్శబ్దం సంగతి. నేను వెళ్లిన రెండో వారం, ఎనిమిదో తరగతి ఈడు పిల్లల క్లాసు. పోయిన ఆదివారం ఏం చేశావని ముందు బెంచీలోని ఒక పిల్లని అడిగాను. ఆ పిల్ల లేచి నిలబడింది. నేను ఎదురుచూశాను. ఆ పిల్ల మెడ కాస్త పక్కకి వంచింది. నేను నవ్వుతూ మళ్లీ అడిగాను, ఇంకొంచెం గట్టిగా. మన దగ్గర అలాగే కదా, వినపడలేదేమో అనుకుంటాం. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారు మెల్లిగా "సరే, కూర్చో" అన్నారు. పాఠం అయ్యాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆ పిల్లకి జవాబు రాక కాదు. అందరి ముందూ ఒంటరిగా తప్పు చెప్పడం అక్కడ పిల్లలకి ప్రాణసంకటం. జాగ్రత్తగా చూడు, నువ్వు ఎవరినైనా అడగ్గానే ఆ పిల్లాడు నీ వైపు కాదు, పక్కవాడి వైపు చూస్తాడు. ఇద్దరూ గుసగుసలాడతారు. మన కాలేజీలో అయితే దాన్ని కాపీ అంటాం, చాక్‌పీసు విసురుతాం. అక్కడ అది జవాబు తయారయ్యే పద్ధతి. నువ్వు ఎనభై మంది ఒకేసారి "ఎస్ మేడం" అని అరిచే గదిలోంచి వెళ్లావు. నిజం చెప్పు, ఆ ఎనభై మందిలో అర్థమై అరిచిన వాళ్లు ఎంతమంది? గోల ఉంటే పాఠం నడుస్తున్నట్టు, గోల లేకపోతే ఆగిపోయినట్టు మన చెవులు అలవాటు పడ్డాయి.

నేను చేసిన మార్పు చాలా చిన్నది. ప్రశ్న అడగ్గానే ఎవరినీ లేపను. గడియారం చూపించి, ముప్ఫై సెకన్లు పక్కవాళ్లతో మాట్లాడుకోండి అంటాను. గదిలో ఒక్కసారి తేనెతుట్టె కదిలినట్టు శబ్దం లేస్తుంది. ఆ తర్వాత మనిషిని కాదు, జంటని అడుగుతాను. జవాబు తప్పైనా ఇద్దరి తప్పు. ఇద్దరి తప్పుని వాళ్లు మోయగలరు. రేపే చేసి చూడు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక టేప్ రికార్డర్ మాట. మాస్టారి వైపు నుంచి ఒకసారి చూడు. ఐదారు తరగతుల్లో ఇంగ్లీషు 2020 నుంచి మార్కులున్న సబ్జెక్టు అయింది, మూడు నాలుగు తరగతుల్లో ఆటపాటలుగా మొదలవుతోంది. ఆ పై ఏడాది జూనియర్ హైస్కూలు సిలబసు కూడా మారింది. మూడేళ్లలో నేర్పాల్సిన మాటలు అంతకు ముందు 1,200 దాకా ఉండేవి, ఇప్పుడు 1,600 నుంచి 1,800. ఆపైన హైస్కూలు ఎంట్రన్స్ పరీక్ష. ఆ మాస్టారు సాయంత్రం పిల్లల్ని బేస్‌బాలో టేబుల్ టెన్నిసో ఆడించి, ఆ తర్వాత కాగితాలు దిద్దుకుని ఏ రాత్రికో ఇంటికెళ్తారు. నీతో కూర్చుని పాఠం ప్లాన్ చేసే అరగంట ఆయన దగ్గర లేదు. నిన్ను తక్కువగా చూడటం కాదిది. నువ్వు ఇంటర్ కాలేజీలో మార్చి పబ్లిక్ పరీక్షల ముందు ఎలా ఉండేదానివో గుర్తు తెచ్చుకో. ఆ నెలలో ఎవరైనా అతిథి ఉపన్యాసం అంటే ఏమనుకునేదానివి?

ఇంకో కారణం కూడా ఉండొచ్చు, దీన్ని ఎవరూ మనకి విడమరిచి చెప్పరు. నీ కంపెనీకీ మునిసిపాలిటీ విద్యాశాఖకీ మధ్య ఒప్పందం ఏ రకమో కనుక్కో. ఒక రకాన్ని హకెన్ అంటారు. కంపెనీ మనిషిని పంపుతుంది, బడిలో మాస్టారు ఆ మనిషికి పని చెప్పొచ్చు. రెండో రకం గ్యోము ఇతకు. మన భాషలో గుత్తకి ఇవ్వడం అనుకో. ఇందులో బడివాళ్లు నీకు నేరుగా పని పురమాయించకూడదు, ఏం చెప్పాలన్నా కంపెనీ ద్వారానే చెప్పాలి. నీది ఈ రెండోదైతే, ఆ మాస్టారు నీతో "ఈ ఆట ఆడించండి, ఆ ముక్క మీరు చెప్పండి" అనకపోవడంలో ఆయన తప్పేమీ లేదు. నిబంధన ఆయన నోరు కట్టేసింది. చాలామంది ఏఎల్‌టీలు ఈ తేడా తెలియక, ఫలానా సారుకి నేనంటే పడదు అని ఏడాదంతా కుమిలిపోతారు.

ఎలా ఉన్నా, అడగాల్సింది నువ్వే. కానీ అడిగే తీరు ఉంది. "నా పాత్ర ఏమిటి సార్" అని అడగకు. అది ఆయనకి ఫిర్యాదులా వినపడుతుంది, జవాబు కూడా దొరకదు. పిల్లలు ఊడ్చి తుడిచే పని అయిపోయి, గది ఖాళీ అయ్యాక నాలుగు గంటల వేళ వెళ్లు. ఒకే ఒక్క కాగితం తీసుకెళ్లు. దాని మీద వచ్చే మంగళవారం, రెండో సంవత్సరం క్లాసు, మొదటి ఐదు నిమిషాలు, నేను చేయాలనుకున్నది ఇది అని నాలుగు గీతల్లో ఉండాలి. జపనీస్‌లో రాయించుకుంటే మరీ మంచిది. ఐదు నిమిషాలే అడుగు. పది అడిగితే ఆయన "కంగాఎతే ఒకిమాసు" అంటారు. ఆలోచిస్తాను అని దాని అర్థం. మనవాళ్లు "చూద్దాంలెండి" అన్నప్పుడు ఏమని అర్థం చేసుకుంటావో దీన్నీ అలాగే అర్థం చేసుకో.

ఆ ఐదు నిమిషాల్లో ఏం చేయాలంటావా? అక్కడికే వస్తున్నాను. నీ అర్హత ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది.

నువ్వు జపాన్ వెళ్లిన కొత్తలో షాపుల్లో గమనించే ఉంటావు. పాలు మిరుకు, బస్సు బసు, మంచం బెద్దో, టిక్కెట్టు చికెత్తో. ఇంగ్లీషు మాట హల్లుతో ఆగితే వాళ్ల నాలుక ఆగలేదు, వెనక ఒక అచ్చు తగిలించుకుంటుంది. మరి మనం? బస్సు, కారు, రోడ్డు, బ్యాంకు, బెడ్డు, బిస్కెట్టు. మన భాష అజంతమని చిన్నప్పుడు గొప్పగా చదువుకున్నాం కదా, వాళ్లదీ దాదాపు అంతే. మాట చివర ఒక్క నకారం తప్ప మిగతాదంతా అచ్చులే. టీ తాగే కప్పుని వాళ్లూ "కప్పు" అనే అంటారు! ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను మా వంటింట్లో ఉన్నానేమో అనుకున్నాను. స్కూల్ లాంటి ఇంగ్లీషు మాట మొదట్లో రెండు హల్లులు పక్కపక్కన వస్తే వాళ్లకీ మనకీ ఇబ్బందే. మన పల్లెల్లో ముందు ఇకారం పెట్టి ఇస్కూలు అంటారు, వాళ్లు మధ్యలో ఉకారం పెట్టి సుకూరు అంటారు.

వాక్యం సంగతి చూడు. "నేను రేపు తోక్యోకి వెళ్తాను." వాళ్లు "వతాషి వా అషితా తోక్యో ఎ ఇకిమాసు" అంటారు. ఒక్కో మాట వేలు పెట్టి సరిచూసుకో, వరస అదే. క్రియ చివరికే వస్తుంది, మన "కి" లాంటిది పేరు వెనకే వస్తుంది. ఇంగ్లీషులోని "ఎ", "ద" అనే ఆర్టికల్స్ మన భాషలోనూ లేవు, వాళ్ల భాషలోనూ లేవు. అందుకే వాళ్ల పిల్లలు ఏ తప్పు రాస్తారో నువ్వు కాగితం చూడకుండానే చెప్పగలవు. నువ్వు ఏడో తరగతిలో రాసిన తప్పులే అవి. అమెరికాలోని ఒహాయో నుంచో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నుంచో వచ్చిన కుర్రాడిని, ఇక్కడ "ద" ఎందుకు పెట్టాలి అని అడుగు. "అలా అంటేనే బాగుంటుంది" అంటాడు. పాపం, అతను అబద్ధం చెప్పడం లేదు, అతనికి అంతే తెలుసు. నువ్వు దాన్ని సూత్రాలు రాసుకుని, మర్చిపోయి, దెబ్బలు తిని నేర్చుకున్నావు. ఎక్కడ జారుతుందో నీకు తెలుసు.

కాబట్టి ఆ ఐదు నిమిషాల్లో ఇది చెయ్యి. బోర్డు మీద మూడు గడులు గీయి. ఇంగ్లీషు, జపనీస్, తెలుగు. మిల్క్ అనే మాటకి, పలికే ఒక్కో ముక్కకి ఒకటి చొప్పున చప్పట్లు కొట్టించు. ఇంగ్లీషులో ఒకే చప్పట. మిరుకుకి మూడు. మన మిల్కుకి రెండు. తర్వాత బేస్‌బాల్ ఆడే పిల్లాడి కోసం స్ట్రైక్. ఇంగ్లీషులో ఒకే దెబ్బ. వాళ్లు సు-తొ-ర-ఇ-కు అని ఐదు కొడతారు. మనం స్ట్రైకు అని రెండు. తెలుగు అక్షరాలు బోర్డు మీద రాయి, ఆ గుండ్రాలు చూసి పిల్లలు "కవాయీ", అంటే ఎంత ముద్దుగా ఉందో, అని అరుస్తారు. నేను మొదటిసారి ఈ ఆట ఆడించినప్పుడు, ఏనాడూ నోరు తెరవని ఒక పిల్లాడు వెనక బెంచీలోంచి, టీచర్, మీకూ కష్టమేనా, అని జపనీస్‌లో అడిగాడు. కష్టమేరా అన్నాను. ఆ రోజు నుంచి ఆ క్లాసు నాదైంది.

అయితే ఒక మాట నిష్టూరంగానే చెప్పాలి. మన ఇంగ్లీషులో దిద్దుకోవాల్సినవి ఉన్నాయి. ఇంగ్లీషు జెడ్ శబ్దాన్ని "జ" చేసి మనం తప్పుతాం. జీరో, జూ అంటూ అసలు శబ్దాన్ని మింగేస్తాం. వి, డబ్ల్యూ రెంటికీ ఒకే "వ" వాడతాం. ట, డ లు మరీ మడతపెట్టి గట్టిగా పలుకుతాం. ఇంటర్ కాలేజీ అలవాటు వల్ల నీకు వేగం కూడా ఎక్కువ ఉండి ఉంటుంది. సెల్‌ఫోన్‌లో ఒక పేజీ చదివి రికార్డు చేసుకుని విను, సిగ్గేస్తుంది, అయినా విను. మాటలో ఏ భాగం మీద ఒత్తు పడాలో నిఘంటువు చూసి గుర్తు పెట్టుకో. అంతే. అమెరికన్ యాస మాత్రం తొడుక్కోకు. అరువు చొక్కాలా భుజాల దగ్గర వేలాడుతుంది, పిల్లలు ముందు కనిపెడతారు. కంపెనీవాళ్లు మళ్లీ అడిగితే, స్పష్టత మీద పని చేస్తున్నాను అని చెప్పు, అది అబద్ధం కాదు. ఆ తల్లి అడిగిన ప్రశ్నని అక్కడే వదిలెయ్. మన ఊళ్లోనూ ఇంగ్లీషు టీచర్ని ఏ కాన్వెంటులో చదివారని అడిగే తల్లులున్నారు.

అర్హత కాగితాల మీద కావాలంటే అదీ చెప్తాను. ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్లకి ఆ బడుల్లో భాష నేర్పే వీసా ఇవ్వాలంటే, కనీసం 12 ఏళ్లు ఇంగ్లీషులో చదివి ఉండాలని జపాన్ అడుగుతుంది. నీకు వీసా వచ్చిందంటే, ఊరు తెలుగు మీడియం ఊరే కావచ్చు గానీ నీ చదువు మాత్రం లెక్కకి సరిపోయిందన్నమాట. వాళ్లు ఒప్పుకున్నదాన్ని నువ్వెందుకు కాదంటున్నావు?

ఇప్పుడు నీ మూడు దారులు. నిర్ణయం నీది, ఏ దారిలో ఏముందో మాత్రం చెప్తాను.

ఇప్పుడే మానేసి రావడం. జరిమానా మాట ముందు తీసేద్దాం. పనివాడు మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అని ముందే రాయించుకోవడం జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం 16వ సెక్షన్ ప్రకారం కుదరదు. నీ కోఆర్డినేటర్ అన్నది కాగితం మీద ఉన్నా చెల్లదు, నోటిమాటగా అయితే ఇక చెప్పేదేముంది. నిజంగా జరిగిన నష్టం అడగడం వేరే సంగతి. ఏడాది గడువు పెట్టుకున్న ఒప్పందాన్ని మధ్యలో తెంచాలంటే చట్టం తప్పనిసరి కారణం కూడా అడుగుతుంది. అందుకని అలిగి విమానం ఎక్కేయకు. ఒప్పందంలో నోటీసు గడువు ఎంతో చూసి, కాగితం మీద ఇచ్చి, రా. అనుమానం ఉంటే లేబర్ స్టాండర్డ్స్ ఆఫీసులో ఉచితంగా సలహా చెప్తారు. ఈ దారిలో నువ్వు పోగొట్టుకునేది ఏమిటంటే, ఇప్పటికి మూడు నెలలు కట్టిన పెన్షన్ డబ్బులో పైసా రాదు. కనీసం ఆరు నెలలు కట్టిన విదేశీయులకే దేశం వదిలాక ఒక మొత్తంగా కొంత తిరిగిస్తారు, అదీ రెండేళ్ల లోపు అడిగితే. మామయ్య అప్పు చాలావరకు అలాగే ఉంటుంది. మళ్లీ ఇంటర్ కాలేజీ మైకు. అయినా సరే, రాత్రిళ్లు నిద్ర పట్టక, తిండి సహించక, పొద్దున లేవాలంటే భయమేసే దశ వస్తే మాత్రం లెక్కలు చూసుకోకుండా రా. మూడు లక్షలు తీర్చుకోవచ్చు.

టోక్యోలో కోచింగ్ సెంటర్. వాటిని ఎయికైవా అంటారు, మాట్లాడే ఇంగ్లీషు నేర్పే బళ్లు. అక్కడ నువ్వు వెనక నిలబడవు, క్లాసంతా నీదే, మాట్లాడాలనే వచ్చే పెద్దవాళ్లు ఉంటారు. నిజంగానే అది ఆకర్షణ. కానీ ఉద్యోగాలు అయ్యాక వచ్చేవాళ్ల కోసం పని మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిది దాకా, శనాదివారాలు కూడా. కొన్నిచోట్ల పుస్తకాలూ కోర్సులూ అమ్మే బాధ్యత కూడా టీచరు మీద పెడతారు. నేటివ్ కావాలనే పట్టింపు బడుల కంటే ఇక్కడే ఎక్కువ, ఎందుకంటే డబ్బు కట్టేవాడు ఎదురుగా కూర్చుంటాడు. ఇంకో చిక్కుంది. నీ రెసిడెన్స్ కార్డు మీద ఇన్‌స్ట్రక్టర్ అని ఉండి ఉంటుంది, అది బడులకే. ఎయికైవాకి వేరే తరగతి వీసాలోకి మార్పించుకోవాలి. అది చేతికి రాకుండా ఇక్కడ రాజీనామా ఇవ్వకు. ఉద్యోగం మారితే 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కి తెలపాలి. సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ పని చేయకుండా ఉంటే వీసా రద్దు చేసే అధికారం కూడా వాళ్లకుంది. టోక్యో అద్దెలు గిఫు అద్దెల్లా ఉండవని వేరే చెప్పాలా. పైగా కొత్త ఇంటికి మళ్లీ డిపాజిట్టు, ఓనరుకి తిరిగి రాని కానుక డబ్బు, గ్యారంటీ ఫీజు. మళ్లీ మామయ్య దగ్గరికే.

మార్చి దాకా ఉండటం. అంటే పళ్లు బిగబట్టి కాదు, నేను పైన చెప్పిన ఐదు నిమిషాలు సంపాదించుకుంటూ. జులై 20 ప్రాంతంలో వేసవి సెలవులు వస్తాయి. అప్పటిదాకా నాలుగు వారాలు చేతిలో ఉన్నాయి. ప్రైమరీ స్కూలు రోజులు ఇంకొకటి పెంచమని కంపెనీని అడుగు. చిన్న క్లాసుల్లో మొహమాటాల గోడలుండవు, నీ చీర కొంగు పట్టుకుని లాగుతారు, సోమవారం పడిన దెబ్బ అక్కడ బుధవారానికి మానుతుంది. ఆగస్టు సగం జీతం సంగతి మామయ్యకి ఇప్పుడే చెప్పు, ఆ నెల వాయిదా ఉండదని. ఇంకో ఖర్చు ముందే తెలుసుకో. జపాన్‌లో నివాస పన్ను కిందటేడాది సంపాదన మీద పడుతుంది, జనవరి 1న ఎక్కడ నివాసం ఉంటే అక్కడ. అందుకే ఈ ఏడాది నీకు ఆ కోత లేదు, జీతం కాస్త నిండుగా కనిపిస్తోంది. మార్చిలో తిరిగొచ్చేసినా ఈ ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా సంపాదించిన దానికి ఆ పన్ను బాకీ ఉంటుంది. వచ్చే ముందు మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి తేల్చుకోవాలి. అక్కడే ఉండిపోతే జూన్ నుంచి కోత మొదలు. నెలకి కొంత పక్కన పెట్టుకో.

నా మొగ్గు ఎటో నీకు అర్థమయ్యే ఉంటుంది, దాచను. కానీ నవంబరు దాకా ప్రయత్నించి, మాస్టారు ఐదు నిమిషాలు కూడా ఇవ్వక, కంపెనీ పట్టించుకోకపోతే, అప్పుడు రెండో దారి వెతకడం మొదలుపెట్టు. అక్కడ విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి కొత్త ఉద్యోగాల ఎంపికలు చలికాలంలోనే నడుస్తాయి. జూన్‌లో వెతికితే మిగిలిపోయినవే దొరుకుతాయి.

సంబంధం గురించి నేను ఎక్కువ చెప్పను. నువ్వు ఉత్తరంలో ఆ అబ్బాయి గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు, దసరా గడువు గురించే రాశావు. అతనితో నువ్వే ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడు, మార్చి దాకా ఆగగలడేమో అడుగు. ఆగలేనంటే అదీ ఒక సమాచారమే. పెళ్లి కోసం ఉద్యోగం మానేస్తున్నావా, ఉద్యోగం పడక పెళ్లిని సాకుగా వాడుకుంటున్నావా, అది మాత్రం నీకు నువ్వు తేల్చుకో. ఈ రెండోది చేసిన వాళ్లని నేను చూశాను.

డబ్బా సంగతి వదలను. బడి భోజనంలో సూపుకి కూడా ఎండుచేప నీళ్లే ఆధారం కాబట్టి నీకు కుదరదు, నిజమే. కానీ ఇంగువ వాసనకి సిగ్గుపడి స్టాఫ్ రూమ్‌లో దాక్కోకు. వైస్ ప్రిన్సిపాల్‌తో చెప్పి డబ్బా పట్టుకుని పిల్లల గదిలోకి వెళ్లు. బల్లలు కలుపుకుని తింటారు వాళ్లు. అక్కడ పెరుగన్నంలోకి మన ఊరగాయ లేనప్పుడు ఉమెబోషి నంజుకుని చూడు. ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు, మన ఉసిరికాయ పచ్చడికి దూరపు చుట్టం. పెరుగులో అన్నం కలుపుతుంటే పిల్లలు "ఎఎఎ" అని లేచి వచ్చి మూగుతారు. అప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నలు ఏ పాఠంలోనూ ఉండవు. తప్పులతోనే అడుగుతారు. దిద్దకు.

అమ్మకి చెప్పు, సీరియల్‌కి ముందు ఏడింటికి చెయ్యమని. నీకప్పుడు పదిన్నర, తిని కూర్చునే వేళ. ఒంటిగంటకి ఎత్తే ఫోనులో ఏ తల్లికైనా కూతురు ఏడుస్తున్నట్టే వినిపిస్తుంది.

సెలవులు ఇచ్చేలోపు ఒక ముక్క రాయి. స్ట్రైక్‌కి ఐదు చప్పట్లు కొట్టారా, ఆరు కొట్టారా అన్నది నాకు తెలియాలి.